క్యాబ్‌లో పాటల పంచాయితీ: నా పాట నీకు చెత్త ఎట్లా అయింది?

విభాగం: చెన్నై తెలుగువాళ్ళ కబుర్లు › పాటలు, సినిమాలు

నెల్లూరోడు_వేళచ్చేరి
అన్నలూ, అక్కలూ, ఒక పంచాయితీ. రూమ్ వేళచ్చేరిలో, ఆఫీసు సిరుసేరి సిప్‌కాట్ ఐటీ పార్కులో. కంపెనీ క్యాబ్‌లో నలుగురం ఎక్కుతాం, నలుగురమూ తెలుగోళ్ళమే. బ్లూటూత్ ఎవురు ముందు కలుపుకుంటే ఆ పూట పాటలు వాళ్ళయి. ఇన్నాళ్ళూ గొడవ లేదు.

మొన్న షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గిర నేను ఒక తెలంగాణ జానపదం డీజే మిక్స్ పెట్టినా. ముందు సీట్లో మా సీనియర్ ఉంటాడు, మంచోడే, పనిలో నాకు చానా నేర్పించినాడు. ఆయన వెనక్కి తిరిగి, "ఆపు ఆ చెత్త. ఇట్టాంటివి వినే వాళ్ళ బుర్రలు కూడా ఇట్టానే తయారయితాయి" అన్నాడు. పాట నచ్చలేదంటే మారుస్తా, అదేం పెద్ద మాట కాదు. నా బుర్ర దాకా ఎందుకు పోయినాడనేది నా ప్రశ్న. మీ క్యాబ్‌లలో ఏం పద్ధతి పెట్టుకున్నారబ్బా?

గిటార్_గాజువాక
నీకు బుర్ర గురించే అన్నారు గురూ, అదృష్టవంతుడివి. నేను హెవీ మెటల్ రాక్ వింటానని తెలిసి మా టీమ్‌లో ఒకాయన "ఇంట్లో దేవుడి పటాలు ఉన్నాయా?" అని అడిగాడు. సరదాకి కాదు, సీరియస్‌గానే.

పాతపాటల_ప్రసాద్
మీ సీనియర్ తరఫున నేను మాట్లాడతాను, ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. "ఎవరి ఇష్టం వారిది" అనే మాట వినడానికి బాగుంటుంది కానీ, అది చర్చను ముగించడానికి వాడే మాట. పాటల్లో మంచివీ చెడ్డవీ ఉంటాయి. రాగం తెలిసిన సంగీత దర్శకుడు, ఛందస్సు తెలిసిన కవి, గొంతు సాధన చేసిన గాయకుడు ముగ్గురూ కూర్చుని వారాల తరబడి చెక్కిన పాటా, ఒక కుర్రాడు ల్యాప్‌టాప్‌లో పూటకొకటి చొప్పున కొట్టే బీటూ ఒకటేనా? ఒకటి కాదు అంటే గౌరవం లేనట్టా? నేను ఘంటసాల వింటాను, సుశీల వింటాను. డీజే పాట చెత్త అనే అంటాను. వినేవాణ్ణి మాత్రం ఏమీ అనను. మీ సీనియర్ ఆ బుర్రల వాక్యానికి ముందే ఆగి ఉండాల్సింది, అంతవరకు ఒప్పుకుంటాను.

ఓరుగల్లు_స్రవంతి
ప్రసాద్ గారూ, కుర్రాడు ల్యాప్‌టాప్‌ల కొట్టిండు అన్నరు, మంచిగుంది. మరి ఆ బీటు కింద ఉన్న పాట ఎక్కడిదో తెలుసా మీకు? నాట్లేసేటప్పుడు మా అమ్మమ్మోళ్ళు పాడుకున్న పాటలు ఎన్నో గట్లనే యూట్యూబ్‌ల తిరుగుతున్నయి. పాడేటామె పొలంల వంగి పాడింది, ఆమెకు ఛందస్సు అని పేరు తెల్వకపోవచ్చు. చేతి పనికి తగ్గట్టు పాదం ఎక్కడ విరగాల్నో మాత్రం తెలుసు. ఒకామె ఎత్తుకుంటది, పదిమంది అందుకుంటరు. ఆ అందుకునే సందు ఎంత ఉండాలె అన్నది కూడ లెక్కనే కదా.

నాకు కూడ డీజే మిక్సులన్నీ నచ్చయి. ఒరిజినల్ పాటల ఉన్న విరుపులు తీసేసి అన్నింటికీ ఒకటే దెబ్బ వేస్తరు, అక్కడ నాకు కోపం. అది నా కోపం, ఆ పాట తెలిసినదాన్ని కాబట్టి వచ్చిన కోపం. కార్ల రెండు సెకన్లు విని చెత్త అన్నోళ్ళది వేరే.

మైలాపూరు_మావయ్య
ప్రసాద్ గారికి ఒక పాత ముచ్చట చెప్పాలి. మీరు పేరు తీసుకున్న ఘంటసాల గారి కాలంలోదే.

1952 ప్రాంతంలో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి. సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తున్నాయని ఆయన నమ్మకం. ఆకాశవాణిలో వాటిని బాగా తగ్గించారు, కొన్నాళ్ళకు దాదాపు లేకుండానే పోయాయి. ఆ సమయమంతా శాస్త్రీయ సంగీతానికి ఇచ్చారు. జనం శాస్త్రీయ సంగీతం వైపు తిరిగారా? రేడియో ముల్లు తిప్పి, సినిమా పాటలు వేసే రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957లో ఆకాశవాణే వివిధ భారతి మొదలుపెట్టాల్సి వచ్చింది. హార్మోనియం సంగతి ఇంకా విచిత్రం. అది మన సంగీతానికి పనికిరాదని 1940లో రేడియో నుంచి వెలివేస్తే మళ్ళీ లోపలికి రావడానికి 1971 అయింది.

అంటే మీరు ఈ రోజు గుండెకు హత్తుకుంటున్న ఆ పాటలే, ఢిల్లీలో కూర్చున్న ఒక పెద్దమనిషికి ఆ రోజు "చెత్త". ఘంటసాల గారు విజయనగరంలో శాస్త్రీయంగా సంగీతం చదువుకుని వచ్చినవారు. ఆ చదువు కూడా ఆ పాటల్ని కాపాడలేదు. సినిమా పాట అన్న ఒక్క ముద్ర చాలింది.

పాతపాటల_ప్రసాద్
మావయ్య గారూ, కేస్కర్ పొరపడ్డాడు, సరే. అంతమాత్రాన అప్పుడు తిట్టు తిన్న ప్రతి పాటా గొప్పదైపోదు. అప్పట్లో వచ్చిన వందల పాటల్లో నేను వినేవి కొన్నే, మిగతావి ఎవరికీ గుర్తు లేవు. వాటిని చెత్త అన్నవాడు సరిగ్గానే అన్నాడేమో.

మైలాపూరు_మావయ్య
ఇది మంచి మాట. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఆలోచిస్తాను.

పెరంబూర్_తెలుగోడు
నేను పుట్టింది, పెరిగింది అంతా నార్త్ మెడ్రాస్. మా తాత హార్బర్ పనికి వచ్చినాడు, మేం ఇక్కడే ఉండిపోయినాం. మా తెలుగు మీకు నవ్వు వస్తాది, పరవాలేదు. ఇంత మాట్లాడుకుంటా ఉన్నారు, మా నార్త్ మెడ్రాస్ పాట గానా, దాని పేరు ఒక్కరూ ఎత్తలేదే?

మా ఏరియాలో సావు ఇంట్లో రాత్రంతా గానా పాడతారు. పోయినాయన ఎట్లా బతికినాడు, ఏం తిన్నాడు, ఎవుర్ని ఏడిపించినాడు, అంతా అప్పటికప్పుడు కట్టి పాడతారు. ఏడుస్తా ఉన్నోళ్ళు మధ్యలో నవ్వుతారు. దాన్ని ఈ ఊర్లో ఎన్నాళ్ళు రౌడీ పాట అన్నారో నాకు తెలుసు. సినిమాలో మ్యూజిక్ డైరెక్టర్ దేవా సార్ పెట్టినాక కాలేజీ పిల్లకాయలు డాన్స్ కట్టినారు. పాడినోళ్ళ ఏరియా పేరు చెప్తే మాత్రం ఇంటర్వ్యూలో ఇప్పుడు కూడా మొహం మారతాది.

ఇంకొకటి అడగతాను. డప్పు తోలు వాయిద్యం, మృదంగమూ తోలు వాయిద్యమే. మృదంగానికి ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు మూడూ పడతాయి. ఆ తోలు పదును చేసి మూటు, అంటే మృదంగం మీది తోలు మూత, కట్టేది ఎవురు? ఎక్కువమంది మా సైడ్ మనుషులే. ఒక తోలు సావుకు, ఇంకొక తోలు సభలో కచేరీకి. పాట మంచిదా చెడ్డదా అని చెవి చెప్పకముందే ఇంకేదో చెప్పేస్తా ఉంది, అది నాకు తెలిసినంత బాగా మీకు తెలీదు.

సభలో గౌరవం గురించి కూడా చెప్తాను. మా ఫ్రెండ్ మృదంగం వాయిస్తాడు, వాడి కోసం పోయినాను. తని ఆవర్తనం, అంటే మృదంగం సోలో, మొదలుపెట్టినాడో లేదో సగం హాలు లేచి క్యాంటీన్ దారి పట్టింది. పట్టుచీరలు, పంచెలు అన్నీ. మా సావు ఇంట్లో డప్పు కొట్టేటప్పుడు ఎవురూ లేచి పోరు.

నిర్వాహకుడు
కులం ప్రస్తావన వచ్చిందని ఈ చర్చకు తాళం వెయ్యమని కొందరు ఫిర్యాదు పెట్టారు. వెయ్యను. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. చెప్పినదానికి జవాబు ఉంటే రాయండి.

చిత్తూరమ్మ_అంబత్తూరు
పెద్ద విషయాల మధ్యలో నాది చిన్న గోడు. మా పాప తొమ్మిదో తరగతి. ఇంట్లో పొద్దస్తమానం కొరియా పాటలే. గోడమీద ఏడుగురు పిల్లోళ్ళ ఫోటో, ఒక్కొక్కడి పుట్టినరోజూ దానికి కంఠతా వస్తాది. మా నాయన పుట్టినరోజు అడిగితే రాదు. "అర్థం కాని పాట ఏం వింటావే" అంటే, "నువ్వు హిందీ పాటలు అన్నీ అర్థమయ్యే వింటా ఉండావా?" అని ఎదురు అడిగింది. నోరు మూసుకున్నాను. నిజంగానే నాకు సగం తెలీవు.

నాకు భయం పాట గురించి కాదు. నేను కూర్చోని వింటే అది ఆపేస్తాది. "నీకు నచ్చదులే" అంటాది. నచ్చలేదని నేను ఎప్పుడో ఒక మాట అన్నాను, దాన్ని అది పట్టుకొని ఉండాది.

మైలాపూరు_మావయ్య
అమ్మా, అర్థం కాని భాషలో పాట వినడంలో ఈ ఊరిని మించినది లేదు. తంజావూరు సీమలో పుట్టి తిరువయ్యారులో జీవితం గడిపిన త్యాగరాజస్వామి వారు కీర్తనలు రాసింది తెలుగులో. సభలో నా పక్క సీట్లలో కూర్చునే తమిళ మిత్రులు కళ్ళు తుడుచుకుంటారు, ఇంటర్వెల్‌లో నన్ను అర్థం అడుగుతారు. మీ పాప చేస్తున్నదీ అదే, కొరియా వైపు తిరిగి.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది, అది మన తెలుగువాళ్ళకు అంతగా తెలియదు. ఒకప్పుడు ఇక్కడి కచేరీల్లో ప్రధానమైనవన్నీ తెలుగు, సంస్కృత కీర్తనలే. తమిళ పాటలు చివర్లో, తుక్కడాల్లో (కచేరీ ముగింపులో పాడే చిన్న పాటల్లో) వచ్చేవి. తమిళ దేశంలో తమిళ పాటకు చివరి అరగంటా అని 1940ల మొదట్లో పెద్ద ఉద్యమం లేచింది. రాజా అణ్ణామలై చెట్టియార్ ముందు నిలబడ్డారు, 1943లో తమిళ్ ఇసై సంఘం ఏర్పడింది. అప్పటి పత్రికల్లో వాదాలు ఘాటుగా సాగాయి. సంగీతానికి భాష ఏమిటని అడిగినవాళ్ళు ఎక్కువగా, తమ పాటకు అప్పటికే పెద్దపీట దొరికినవాళ్ళు. ఇది నన్ను నేను కలుపుకునే అంటున్నాను.

పెరంబూర్ బాబూ, తని ఆవర్తనం గురించి మీరు అన్నది అక్షరాలా నిజం. విద్వాంసులే వేదిక మీద నుంచి అడిగి చూశారు, దయచేసి కూర్చోండని. మనవాళ్ళకు ఆ పది నిమిషాల్లోనే కాఫీ గుర్తొస్తుంది.

సౌండ్_సీను
మాది అమలాపురం అండి, సాలిగ్రామంలో ఒక స్టూడియోలో మిక్సింగ్ చేస్తుంటాను. మీరందరూ పాట గురించి మాట్లాడుతున్నారు, కారు గురించి ఎవరూ మాట్లాడట్లేదండి.

రోడ్డు మీద వెళ్తున్న కారు లోపల ఇంజను, టైర్లు, ఏసీ అన్నీ కలిపి 65-70 డెసిబెల్స్ రొద ఉంటుంది. కచేరీ రికార్డింగ్‌లో ఆలాపన మొదట్లో గొంతు చాలా చిన్నగా ఉంటుంది, తంబూర ఇంకా కింద. అది ఆ రొదలో మునిగిపోద్దండి. వినపడట్లేదని వాల్యూమ్ పెంచుతారు, కాసేపటికి మృదంగం ఊపందుకుని, గాయకుడు పై స్థాయికి వెళ్ళగానే చెవులు అదురుతాయి. అప్పుడు వెనక సీటువాళ్ళు విసుక్కుంటారు. పాట తప్పు కాదండి అది. డీజే మిక్స్‌లో చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా లేకుండా మేమే నొక్కేస్తాం, దాన్ని కంప్రెషన్ అంటాం. అందుకే అది ఎంత రొదలోనైనా వినపడుతుంది. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో అదే పాట వింటే పావుగంటకి తల నొప్పెడుతుంది. అంటే కొంతమేర కారే పాటను ఎంచుకుంటోందండి.

ఇంకోటి, పది డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపు అనిపిస్తుంది. వారానికి 40 గంటలు వినేవాళ్ళు సగటున 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. నేను చూసిన పాటల తగాదాల్లో చాలావాటికి అసలు కారణం వాల్యూమ్. నచ్చని పాట చిన్నగా వస్తుంటే మనిషి ఓర్చుకుంటాడు, నచ్చిన పాటైనా పక్కింట్లోంచి రాత్రి పదకొండింటికి మోత మోగితే పోలీసులకి ఫోన్ చేస్తాడు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నాటి నియమాలు ఎలాగూ ఉన్నాయి. అవి త్యాగరాజ కీర్తనకీ, గణపతి మండపం డీజేకీ ఒకటేనండి ఆయ్.

మౌనబాబు_22
ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. టాపిక్ క్లోజ్.

గిటార్_గాజువాక
క్లోజ్ అవదు గురూ, నాది మిగిలే ఉంది.

మెటల్ వింటే అరుపులు అంటారు. అరుపులే. ఆ అరుపు గొంతు చెడకుండా గంటన్నర అరవడానికి ఎంత సాధన కావాలో తెలుసా? 2011లో మెటాలికా బ్యాండ్ బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఇక్కణ్ణుంచి రైలెక్కి వెళ్ళాం. అంతకు రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో జరగాల్సిన కచేరీ ఆగిపోయింది, ఇదీ ఆగిపోతుందేమోనని దారంతా భయమే. అక్కడ నా పక్కన నిలబడ్డాయన బ్యాంకు మేనేజరు, నుదుట విభూది. ఆయన నాకంటే గట్టిగా అరిచాడు. అప్పట్నుంచీ, ఎవడు ఏం వింటాడో మొహం చూసి చెప్పే పని మానేశాను.

ఏటంటే, మాలో కూడా శుద్ధవాదులు ఉన్నారు. "ఆ బ్యాండ్ వినేవాడు మెటల్ వాడే కాదు" అని ఆన్‌లైన్‌లో కొట్టుకు ఛస్తుంటారు. సభలోనూ ఇదే కదా మావయ్య గారూ? వయొలిన్ మనది కాదు, యూరప్‌వాళ్ళది, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బాలుస్వామి దీక్షితర్ లాంటివాళ్ళు నేర్చుకుని తెచ్చారు. ఇప్పుడు అది లేకుండా కచేరీ ఉందా? మన పాలకొల్లు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని ఈ ఊరు వచ్చినప్పుడు, దాని మీద గమకం (స్వరాన్ని ఊగించి పలికించడం) ఎలా పలుకుతుందన్నవాళ్ళే తర్వాత ముందు వరుసలో కూర్చున్నారు. 2014లో ఆయన పోయినప్పుడు నా మెటల్ గ్రూపులో కూడా పోస్టులు పెట్టారు. ఆ వేళ్ళు అంత వేగంగా ఎలా కదిలాయన్నది మా గిటారు వాళ్ళకి ఇప్పటికీ వింతే.

ఓరుగల్లు_స్రవంతి
ఇయర్‌ఫోన్స్ అన్నాయనకు: పెట్టుకోవచ్చు, ఎవ్వరు వద్దన్నరు. కానీ నేను చెన్నై వచ్చినంక ఇళయరాజా తమిళ పాటలు విన్నదే ఎవరో పెడితే. నేను ఎన్నడూ వెతికి విననివి. అందరూ చెవులు మూసుకుంటే నా లిస్టు నాతోనే ముసల్దయితది.

ప్రసాద్ గారితోని ఒక్కకాడ మాత్రం నేను కలుస్త. కొన్ని పాటలల్ల ఆడపిల్లను సామాను లెక్క పాడుతరు. క్యాబ్‌ల నేనొక్కదాన్నే ఆడదాన్ని ఉన్నప్పుడు గసొంటి పాట పెట్టి, మార్చుమంటే "ఎవరి టేస్ట్ వాళ్ళది" అంటే నేనూరుకోను. అది రుచి ముచ్చట కాదు. డీజే పాటలే అట్ల ఉంటయని అనుకోకుండ్రి, మీ పాత బంగారంల కూడ ఉన్నయి, మంచి ట్యూన్‌ల చుట్టిచ్చిన్రు కాబట్టి ఎవ్వరు పట్టించుకోరు. ఒకటి రెండు నేనే పాడుకుంట, పాడుకుంటనే తిట్టుకుంట.

పాతపాటల_ప్రసాద్
ఉన్నాయి. కాదనను. పేర్లు చెప్పమంటే మాత్రం చెప్పను, నాకు ఇష్టమైనవే వస్తాయి అందులో.

పెరంబూర్_తెలుగోడు
నెల్లూరన్నా, అందరూ మాట్లాడినారు. ఆ క్యాబ్ డ్రైవర్ అన్న ఏం వింటాడో ఎవురైనా అడిగినారా? మీరు గంట వింటారు. ఆయన పొద్దునుంచి రాత్రి దాకా ఎవురెవురి పాటలో వినాల.

నెల్లూరోడు_వేళచ్చేరి
అడిగినాబ్బా, ఈ పొద్దు సాయంత్రం. ఆయన నవ్వినాడు. "దేవా సార్ గానా పాటలు సార్, మీరు దిగినాక పెట్టుకుంటా" అన్నాడు. పెరంబూరన్న గెలిచినాడు పో.

ఇప్పటికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున పోయేటప్పుడు డ్రైవర్ అన్న పాటలు, సాయంత్రం మేము వంతులు. ఎవురికైనా పాట నచ్చకపోతే "మార్చు" అనొచ్చు, కారణం చెప్పబళ్ళేదు. వాల్యూమ్ సీనన్న చెప్పినట్టు ఒక గీత దగ్గిర ఆపినాం. సీనియర్ ఈ పద్ధతికి సరే అన్నాడు కానీ, నా వంతు వస్తే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాడు. పెట్టుకోనీ. బుర్ర మాట గురించి ఆయన ఏమీ అన్లేదు, నేనూ ఎత్తలేదు. అది నాకు ఇంకా కుచ్చుకుంటా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాల.

చిత్తూరమ్మ_అంబత్తూరు
మా పాపను నాకు నచ్చే పాట ఒకటి నువ్వే ఏరి పెట్టు అన్నాను. గంటసేపు వెతికింది. పాట ఏమో గానీ, నాకు ఏది నచ్చుతాదని అది అనుకుంటా ఉందో తెలిసింది. మెల్లగా, పియానోతో ఉండాది. పరవాలేదు.

మైలాపూరు_మావయ్య
మార్గళి, అంటే ఇక్కడ కచేరీలు జోరుగా సాగే డిసెంబరు-జనవరి నెల, వచ్చేస్తోంది. మీ అందరికీ ఒక మాట. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు టికెట్ ఉండదు. పాడేది చిన్నవాళ్ళు, హాలు సగం ఖాళీగా ఉంటుంది, కావలసినచోట కూర్చోవచ్చు. ఎవరొస్తారు? నచ్చకపోతే మధ్యలో లేచి రావచ్చు, తని ఆవర్తనంలో తప్ప.

గిటార్_గాజువాక
నేను వస్తా. తని కోసమే వస్తా. మా కచేరీల్లో డ్రమ్ సోలోకి ఎవడూ కదలడు, మీవాళ్ళకి చూపిద్దాం.

పెరంబూర్_తెలుగోడు
నేనూ వస్తాను, ఒక షరతు. అదే నెలలో సినిమా డైరెక్టర్ పా. రంజిత్ వాళ్ళ నీలం సంస్థ 'మార్గళియిల్ మక్కళిసై' (మార్గళిలో జనం పాట) పెడతా ఉంటుంది, గానా, పరై డప్పు, జానపదం అన్నీ. మావయ్య దానికి నాతో రావాల.

మైలాపూరు_మావయ్య
వస్తాను. మోకాళ్ళ నొప్పి, కుర్చీ ఉంటుందా?

పెరంబూర్_తెలుగోడు
కుర్చీ నేను పట్టి పెడతాను మావయ్యా.

పాతపాటల_ప్రసాద్
రెండింటికీ నేనూ వస్తాను, క్యాంటీన్ ఉన్నదానికి ముందు. డీజే మిక్స్ మీద నా అభిప్రాయం మారలేదు, రాసిపెట్టుకోండి.

ఓరుగల్లు_స్రవంతి
రాసుకున్నం. ఏ సభ, ఏ పూట అన్నది ఇక్కడ్నే పెట్టండి మావయ్యా, శనివారం అయితెనే నాకు కుదురుతది.